గంగాళంలో గ్రాఫిక్స్ కార్డు

పామిడిలో కాలిన మోటర్లకు మళ్లీ రాగి తీగ చుట్టే తిప్పేష్ ఏ వస్తువునైనా ముందుగా వేళ్ల వెనక వైపుతో తాకి చూస్తాడు. బోరు మోటరు కావచ్చు, టీ గ్లాసు కావచ్చు, జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు కావచ్చు. అరచేత్తో తాకితే కరెంటు చేతిని పట్టేసుకుంటుందనీ, వెనక వైపుతో తాకితే చెయ్యి దానంతట అదే ఎగిరి వెనక్కి వస్తుందనీ వాళ్ల నాయన కుళ్లాయప్ప చిన్నప్పుడే నేర్పాడు. ఆ అలవాటు ఇక పోలేదు. పెళ్లిచూపుల్లో అమ్మాయి తెచ్చిన కాఫీ గ్లాసును కూడా అలాగే తాకి, "ఇది ఇంకా లోడు మీదుండాది, కాసేపు ఆగల్ల" అన్నాడని ఊళ్లో చెప్పుకుంటారు. ఆ కథ పుట్టించింది నేనే. అతను అలా అనగలిగినవాడే కాబట్టి ఎవరూ సాక్ష్యం అడగలేదు.

కుళ్లాయప్ప బోర్లలోకి మోటర్లు దించే పని చేసేవాడు. తండ్రి దించిన మోటర్లు కాలిపోయి పైకి వస్తే కొడుకు చుట్టేవాడు. ఒకే ఇంట్లో ఇంత చక్కటి ఏర్పాటు ఇంకెక్కడా చూడలేదు నేను. ఏడో తరగతి అయిన వేసవిలో రాగి తీగ పట్టుకున్న తిప్పేష్ మళ్లీ బడి వైపు తొంగి చూడలేదు. అయితే మోటరు బాగుచేసి ఇచ్చేసి ఊరుకునే రకం కాదు. అది ఎందుకు కాలింది, ఇంకొంచెం లాగితే ఏమయ్యేది, తీగ కాస్త లావుది వేస్తే ఎంత దూరం పోతుంది అని రైతును కూర్చోబెట్టి అడిగేవాడు. రైతుకేమో చేను ఎండిపోతూ ఉంటుంది. మోటరు ఇవ్వు స్వామీ అని దండం పెట్టి ఎత్తుకుపోయేవాడు.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా ఎవరు చూశారని అడుగుతారు. తిప్పేష్ అంగడి మీది గదిలో మూడు కంప్యూటర్లు పెట్టి ఆటల సెంటరు నడిపిన వెంకటేశులును నేను. పాలిటెక్నిక్ రెండో ఏట వదిలేశాను. నేను వెళ్లిపోయాక ఆ కాలేజీ కొన్నాళ్లు దిగులుతో సరిగ్గా నడవలేదని విన్నాను. గురిపెట్టి కాల్చే ఆటల్లో పామిడి నుంచి గుత్తి దాకా నన్ను కొట్టినవాడు లేడు. ఒకసారి కుడి చేత్తో ఉగ్గాని తింటూ, ఎడమ చేత్తో మౌసు పట్టి, అనంతపురం నుంచి వచ్చిన ముగ్గుర్ని ఓడించాను. ఉగ్గాని చల్లారనే లేదు.

తిప్పేష్ మాత్రం ఏ ఆటా ఆడేవాడు కాదు. పైకి వచ్చి, ఆడేవాళ్ల వెనక నిలబడకుండా కంప్యూటరు పెట్టె వెనక కూర్చునేవాడు. అక్కడి నుంచి వచ్చే వేడిగాలికి వేళ్ల వెనక వైపు ఆనించి, ఆటలో మంట లేస్తే గాలి ఎంత వేడెక్కింది, గోడ పక్కన నిలబడితే ఎంత తగ్గింది అని చూసుకునేవాడు. తెర చూడకుండానే, ఇప్పుడు మీరు యుద్ధంలో ఉన్నారు, ఇప్పుడు దాక్కున్నారు అని చెప్పేవాడు. పిల్లలకు ఇది పెద్ద వినోదం.

లోపల అంత కష్టపడేది ఎవరని ఒక రోజు అడిగాడు. పెట్టె తెరిచి గ్రాఫిక్స్ కార్డు చూపించాను. తెర మీద కనిపించే ప్రతి బొమ్మనూ గీసేది ఇదేననీ, రెప్పపాటులో పదుల బొమ్మలు గీస్తేనే ఆట సాఫీగా సాగుతుందనీ, చాలకపోతే ఎద్దుల బండిలా కుదుపుతుందనీ వివరించాను. నేను వివరిస్తే రాయికైనా అర్థమవుతుంది. తిప్పేష్ కార్డును అటూ ఇటూ తిప్పి, దీని ప్లేటు యాడుండాది అన్నాడు. ప్రతి మోటరుకూ ఎన్ని హార్సుపవరు, ఎన్ని చుట్లు అని రాసిన రేకు ముక్క ఉంటుంది కదా, అది.

రేకు ముక్క లేదు గానీ, తెర మీద ఒక చిన్న సాఫ్ట్‌వేరు తెరిచి చూపించాను. కార్డు మీది చిప్పు గుండెలాగా కొట్టుకుంటూ ఉంటుంది. ఒక్కో దెబ్బకు కొంత పని చేస్తుంది. ఆ వేగం ఇంత అని కంపెనీ పెట్టి పంపిస్తుంది. సాఫ్ట్‌వేరులో ఒక గీత ఉంటుంది, దాని మీద బొత్తాన్ని కుడి వైపుకు జరిపితే వేగం పెరుగుతుంది. ఓవర్‌క్లాకింగ్ అంటారు దీన్ని. జరిపితే కాలిపోతుందని కంపెనీ హెచ్చరిక కూడా అక్కడే ఉంది. అది చదివి తెలుగులో చెప్పాను.

"కంపెనీ రాసేది దాని భయమప్పా," అన్నాడు తిప్పేష్. "మిషను ఎంత లాగుతాదో మిషన్నే అడగల్ల."

అడిగాడు. నా మూడు కార్డులనూ అడిగాడు. రెండు కొంచెం కొంచెం ముందుకు పోయాయి. మూడోది తెర నిండా రాగి గింజలు చల్లినట్టు చుక్కలు వేసి ఆగిపోయింది. బొత్తాన్ని వెనక్కి జరిపితే మళ్లీ లేచింది. ఆ రోజు నుంచి తిప్పేష్‌కు అన్నం సయించలేదు. మంచి జాతి కార్డు ఒకటి దొరికితే ఎంత దూరం పోతుందో అని అదే ధ్యాస.

ఆ జాతి కార్డు అప్పుడు జిల్లా మొత్తానికి ఒకటే ఉండేదని నా లెక్క. అది శ్రీకాంత్‌ది. బత్తలపల్లె వైపు భూములున్న ఇంటివాడు, అనంతపురంలో పెద్ద ఆటల సెంటరు పెట్టాడు. బెంగళూరు నుంచి ఆ కార్డు తెప్పించాడని విని ఇద్దరం బస్సెక్కి పోయి చూశాం. ఏదో దీవిలో తిరిగే ఆట. నా సెంటరులో ఆటల్లో నీళ్లంటే పరిచిన షామియానా గుడ్డే. ఇక్కడ అల లేస్తే అడుగున ఇసుక కనిపించింది. మబ్బు నీడ నీళ్ల మీద పడి వణికింది. మోకాలి లోతులో ఒక చేప మెలికలు తిరిగి పోయింది. తిప్పేష్ మొదటిసారి పెట్టె వెనక నుంచి లేచి తెర ముందుకు వచ్చాడు. మా పెన్నలో ఇసుక తప్ప ఇంకేమీ చూడని మనిషి మరి.

అరగంట గడిచిందో లేదో నీళ్లు నీళ్లలాగే ఆగిపోయాయి. అల లేచింది లేచినట్టే నిలబడింది. శ్రీకాంత్ టేబుల్ మీద చరిచాడు. ఈ ఎండలకు రోజూ ఇదే గోల, ఆడేవాళ్లు తిట్టి పోతున్నారు అన్నాడు. తిప్పేష్ కార్డు వెనక వేళ్లు ఆనించి, నేనైతే ఇది ఆగకుండా చేస్తా, ఇంకా వేగంగా కూడా పరిగెత్తిస్తా అన్నాడు.

శ్రీకాంత్ నవ్వాడు. "నడిసేకే కాలేదు దీనికి, నువ్వు పరిగెత్తిస్తావా?"

"పామిడికి పంపన్నా. చూపిస్తా."

పందెం అక్కడే కుదిరింది. కార్డును తిప్పేష్ తీసుకుపోవాలి. వచ్చే ఆదివారం ఎండ మధ్యలో శ్రీకాంత్ తన ఆటగాళ్లతో పామిడికి వస్తాడు. కంపెనీ పెట్టినదానికన్నా ఎక్కువ వేగం మీద, పొద్దు వాలే దాకా ఒక్కసారి కూడా ఆగకుండా ఆట నడిస్తే కార్డు పామిడిలోనే ఉండిపోతుంది. ఆగితే శ్రీకాంత్ దాన్ని జేబులో వేసుకుని పోతాడు, తిప్పేష్ ఇంకెప్పుడూ దాని వంక చూడకూడదు. ఈ చివరి షరతు విన్నప్పుడు తిప్పేష్ ముఖం చూడాలి. రైలు కింద పడమన్నా అంత వాడిపోయేవాడు కాదు.

కార్డును తువ్వాలలో చుట్టి, రెండు చేతులతో ఒడిలో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. కుదుపు తగిలినప్పుడల్లా దాన్ని గుండెకు హత్తుకుంటుంటే, పక్క సీటులో ఉన్న ఒక పెద్దమ్మ, బిడ్డకు ఎండ తగులుతాంది మొగం కప్పప్పా అని కొంగు అడ్డం పెట్టింది.

అది 2006 మే నెల. ఆ ఏడు పామిడి ఎండ గురించి చెబితే నమ్మరు. కాకులు ఎగరడం మానేసి గుత్తి బస్సు టాపు మీద ప్రయాణం చేసేవి. మిద్దె మీద ఆరబెట్టిన వడియాలను కిందికి తెచ్చేలోపు వేగిపోయి ఉండేవి. అలాంటి ఎండలో నా మిద్దె గది కుదరదని కంప్యూటరును కింద తిప్పేష్ అంగడిలోకే దించాం. పెట్టె పక్క రేకు విప్పి టేబుల్ ఫ్యాను పెడితే, ఫ్యాను గాలితో పాటు పెన్న ఇసుకను కూడా తోలింది. కార్డు మీది రేకుల సందులన్నీ ఆ దుమ్ముతో పూడిపోయాయి. కిటికీకి తడి గోనెపట్ట కట్టి దాని గుండా గాలి తోలితే దుమ్ము ఆగింది గానీ, చెమ్మకు కార్డు చెమర్చింది. తిప్పేష్ పరుగున పోయి స్విచ్ ఆపేశాడు. బొత్తాన్ని ఒక్క పిసరు కుడికి జరిపితే చాలు, రాగి గింజలు. వారం సగం ఇలాగే పోయింది.

ఆ పూట ఎవరో రైతు పాత మోటరు స్టార్టరు తెచ్చి పడేశాడు. డబ్బా నిండా నూనె పోసి ఉండే రకం. తిప్పేష్ దాని మూత తీసి, లోపలి రాగి ముక్కలు నూనెలో మునిగి ఉండటం చూస్తూ అలాగే ఉండిపోయాడు. రైతు ఏమైందప్పా అని అడిగాడు. తిప్పేష్ నా వైపు తిరిగి, నూనెలో కరెంటు పారదు, వేడి మాత్రం పారుతుంది, ఊరి ట్రాన్స్‌ఫార్మరు కూడా నూనెలోనే కదా బతుకుతోంది అన్నాడు.

కంప్యూటరును నూనెలో ముంచడమా అని నేను అడగలేదు. అప్పటికే నాకు కూడా అదే ఆలోచన వచ్చి, అతను చెప్పేదాకా మర్యాదగా ఆగాను. ట్రాన్స్‌ఫార్మరు నూనె ఎక్కడ దొరుకుతుందో నాకు తెలుసు, రెండు డబ్బాలు ఈ సందేళకే తెప్పిస్తా అన్నాను.

తిప్పేష్ నన్ను ఎగాదిగా చూశాడు. "అది యా ఊరి ట్రాన్స్‌ఫార్మరు పగలగొట్టి పట్టుకొచ్చిన నూనో నీకు తెల్దా? ఆ ఊర్లో చేన్లు ఎండిపోతాంటే ఈడ మనం ఆటాడుకుంటామా? వద్దు."

మా సీమలో ట్రాన్స్‌ఫార్మర్ల నూనె, రాగి దొంగలపాలు కావడం మామూలే. ఇక మిగిలింది మాకు బాగా తెలిసిన నూనె. మా వీధి చివర గంగక్కకు గానుగ ఉంది, మోటరుతో తిరిగేది. ఆ మోటరు కాలినప్పుడల్లా చుట్టి ఇచ్చేది తిప్పేషే. రెండు డబ్బాల చెనిక్కాయ నూనె కావాలంటే, ఏం పెళ్లి నాయనా, నాకు చెప్పనేలేదే అంది. కంప్యూటరుకు స్నానం చేయిస్తామంటే, మోటర్ల దగ్గర వేడికి తిప్పేష్ తల తిరిగిందని నిశ్చయించుకుని, తల మీద పెట్టుకోమని అరచేతిలో ఒక గిద్దెడు నూనె వేరే పోసి ఇచ్చింది.

నేనైతే వెంటనే పోసేద్దామన్నాను. తిప్పేష్ ఇనుప చువ్వను ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. చిటపటమంది. నీళ్లున్నాయి దీంట్లో అన్నాడు. గానుగలో కాయలు ఆడేటప్పుడు పిండి పట్టు కోసం పిడికెడు నీళ్లు చల్లుతారు. కూరకు ఆ నీళ్లు అడ్డం కాదు, కార్డుకు మాత్రం చావే. ఆ నీళ్లు పోవాలంటే నూనె కాచాలి. షామియానా అంగడి నుంచి ఇత్తడి గంగాళం ఒకటి తెచ్చి, అంగడి ముందు మూడు రాళ్ల పొయ్యి మీద పెట్టాం. నూనె కాగేసరికి వాసన వీధంతా పాకింది. పొద్దున్నే ఇంత పెద్ద గంగాళంలో నూనె కాగుతోందంటే ఎవరికైనా ఏమనిపిస్తుంది? పిల్లలు పళ్లేలు పట్టుకుని వచ్చారు. ఒక ముసలాయన బజ్జీలా, బూరెలా అని అడిగి, ఏదైనా సరేనని అరుగు మీద కూర్చున్నాడు. లేపడానికి చాలా కష్టపడ్డాం.

నూనె చల్లారింది. పోసే ముందు తిప్పేష్ మెగ్గర్ తెచ్చాడు. మోటరు చుట్ట నుంచి కరెంటు బయటికి కారుతోందో లేదో చూసే, చేత్తో తిప్పే చిన్న పెట్టె అది. దాని రెండు తీగలను నూనెలో ముంచి పిడి తిప్పాడు. కరెంటు కారకపోతే ముల్లు చివరికి పోయి నిలబడాలి. అది సగంలోనే వణుకుతూ కూర్చుంది. మళ్లీ కాచాడు, మళ్లీ చువ్వ ముంచాడు. చిటపట లేదు, నీళ్లు లేవు. మెగ్గర్ పెడితే ముల్లు మళ్లీ సగంలోనే. తిప్పేష్ నేల మీద కూలబడి నూనె వైపు చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు శనివారం పొద్దున అయింది.

చివరికి గరిటె తీసుకుని అడుగు దాకా కలిపాడు. గరిటెలోకి నల్లగా ఉండలాంటిది వచ్చింది. వేళ్లతో నలిపి వాసన చూశాడు. చింతపండు. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అని మేము తలలు పట్టుకుని ఉండగా గంగక్కే వచ్చింది. మీరు టీకి పోయినప్పుడు నేనే వేసినా, కొత్త నూనె పొంగి నురగ కడుతుందని ఉప్పు అద్దిన చింతపండు ముద్ద వేస్తాం కదా, అంత పెద్ద గంగాళం కాబట్టి పెద్ద ముద్దే వేసినా అంది. మంచి చేశాననే నమ్మకంతో, నురగ రాలేదు చూడు అని గంగాళంలోకి చూపించింది కూడా.

ఉప్పు, పులుపు కలిసిన నూనెలో కార్డు పెడితే ఏమవుతుందో తిప్పేష్ ఆమెకు నెమ్మదిగా చెప్పాడు. కోప్పడలేదు. గంగక్క ముఖం చిన్నబోయింది. నా నూనె పనికిరాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు అంటూ వెళ్లిపోయింది. రేపే ఆదివారం. తిప్పేష్ కార్డును మళ్లీ తువ్వాలలో చుట్టి పెట్టాడు. ఇక దాన్ని శ్రీకాంత్‌కు ఇచ్చేయడమే అనుకున్నాడని నాకు అర్థమైంది.

మధ్యాహ్నం వీధి చివర గానుగ మూలగడం వినిపించింది. అంత అరుపు ఆ గానుగ ఎప్పుడూ అరవలేదు. పోయి చూస్తే గంగక్క కొంగు బిగించి, కాయలను ఎండలో కాలబెట్టి, ఒక్క చుక్క నీళ్లు చల్లకుండా పొడిగా ఆడిస్తోంది. పిండి పట్టు లేక పొడిపొడిగా రాలుతోంది, నూనె సగం కూడా రావడం లేదు, మోటరు పొగ కక్కేలా ఉంది. రెండు డబ్బాలు నిండేదాకా ఆమె ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆ నూనెను తిప్పేష్ కాచి, పంచెతో వడగట్టి, మెగ్గర్ పెట్టాడు. ముల్లు చివరికంటా పోయి నిలబడింది. గంగక్కకు మెగ్గర్ అంటే ఏమిటో తెలియదు గానీ ముల్లు అంత దూరం పోయిందంటే తన నూనెకు మంచి మార్కులు వచ్చాయని అర్థమై, ఊరంతా చెప్పుకుంది.

ఆదివారం నాటికి ఏర్పాటు ఇదీ. అంగడి మధ్యలో ఇటుకలు పేర్చి, లోపల పెన్న ఇసుక పోసి, ఏట్లో తీసిన చెలమ నీళ్లతో తడిపాం. ఇళ్లలో మంచినీళ్ల కుండలు తడి ఇసుక మీద పెట్టుకున్నట్టే గంగాళాన్ని ఆ ఇసుకలో పూడ్చాం. గంగాళం అడుగున చెక్కపలక, దాని మీద కంప్యూటరు బోర్డు, బోర్డులో నిటారుగా శ్రీకాంత్ కార్డు. పైన గంగక్క నూనె. కార్డు మీది చిన్న ఫ్యాను నూనెలో గరిటెలాగా మెల్లగా తిరుగుతోంది. హార్డ్ డిస్కు మాత్రం బయట బల్ల మీద. కరెంటు పోతే తట్టుకోవడానికి ఇన్వర్టరుకు ట్రాక్టరు బ్యాటరీలు తగిలించాం. తిప్పేష్ కూర్చుని బొత్తాన్ని కుడి వైపుకు జరిపాడు. గింజలు రాలేదు. ఇంకా జరిపాడు. రాలేదు. నూనెలో వేళ్ల వెనక వైపు ముంచి, కాసేపు ఉంచి, తీసి నవ్వుకున్నాడు.

శ్రీకాంత్ ఎండ మధ్యలో ఇద్దరు ఆటగాళ్లతో జీపులో దిగాడు. లోపలికి అడుగు పెట్టి, ఆగి, వాసన పీల్చి, భోజనం ఏర్పాటు కూడా చేశారా అన్నాడు. గంగాళంలోకి వంగి చూశాడు. తన కార్డును నూనెలో చూసిన మనిషి ముఖం ఎలా ఉంటుందో వర్ణించగలను గానీ, ఆయన ఇప్పటికీ నాకు కావలసినవాడు. ఆట మొదలైంది. కంపెనీ పెట్టిన వేగం ఎంతో, ఇప్పుడు ఎంతో తెర మూలన ఉంది, ఆయనే చూసుకున్నాడు. ఆయన ఆటగాళ్లు దీవి మీదికి దిగారు. నీళ్లు వచ్చాయి. అనంతపురంలో చూసిన నీళ్లకన్నా ఇవి చిక్కగా, తేటగా పారాయి. ఒక్క కుదుపు లేదు.

వార్త ఊళ్లోకి ఎలా పోయిందో గానీ, పామిడిలో సగం మంది నీళ్లు చూడటానికి వచ్చారు. మిగతా సగం మంది తర్వాత వచ్చామని చెప్పుకున్నారు. కుళ్లాయప్ప అందరినీ తోసుకుని ముందుకు వచ్చి, తెర మీది ఏటిని తేరిపార చూసి, ఇది యా ఊరప్పా అని అడిగాడు. ఊరు కాదు పెద్దాయనా, కంప్యూటరులో గీసిన ఏరు అని శ్రీకాంత్ చెప్పాడు.

"అదే అనుకుంటి," అన్నాడు కుళ్లాయప్ప. "పక్కన ఎవురూ బోరెయ్యలేదు. దాంతోనే నిలిచినాయి నీళ్లు."

మధ్యలో ఒక గండం వచ్చింది. దీపం వత్తిలోకి ఎక్కినట్టు మౌసు తీగలోకి నూనె ఎక్కి, చుక్కచుక్కగా మౌసులోంచి కారసాగింది. శ్రీకాంత్ మనిషి చెయ్యి జారి ఆటలో కొండ మీద నుంచి దూకాడు. ఇది మోసం అని శ్రీకాంత్ లేచాడు. మోసం కాదు, మనిషి జారినాడు గానీ మిషను ఆగలేదు కదా అని నేను వాదించాను. వాదనలో నన్ను గెలిచినవాడు కూడా పామిడి నుంచి గుత్తి దాకా లేడు. తిప్పేష్ ఇదంతా వినకుండా తీగకు గుడ్డ పీలిక కట్టి, చుక్క దాంట్లోంచి కింద పడేలా చేశాడు. ఆ కాసేపట్లో నేను ఇసుక తడపడం మరిచిపోయాను. తిప్పేష్ నూనెలో చెయ్యి పెట్టి చురుగ్గా నా వైపు చూశాడు. వీధిలో ఉన్న ఆడవాళ్లందరూ బిందెలతో చెలమ నీళ్లు అందించారు. ఒకరు పోస్తుంటే ఇంకొకరు తెస్తున్నారు. ఇసుక మీద నుంచి ఆవిరి లేచింది. మరి కాసేపటికి తిప్పేష్ భుజాలు కిందికి దిగాయి.

అంగడి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం నీడ రోడ్డు దాటి అవతలి గోడ ఎక్కేసరికి శ్రీకాంత్ తన మనుషుల్ని లేపి తనే కూర్చుని ఆడుతున్నాడు. నీళ్లలోకి దిగాడు, మునిగాడు, పైకి చూశాడు. నీళ్లలో నుంచి సూర్యుడు వణుకుతూ కనిపించాడు. ఆయన మౌసు మీద నుంచి చెయ్యి తీసి, బయట పొద్దు చూసి, తువ్వాలతో వేళ్లు తుడుచుకున్నాడు.

"గెలిచినావులే తిప్పేషా. కార్డు నీది."

"నాదేనా?"

"నీదే. నోటితో చెప్పినా కదా, ఇంకేం కావల్ల?"

వీధిలో ఈలలు వేశారు. నా మట్టుకు నేను అప్పటికే లెక్కలు కట్టేశాను. రేపటి నుంచి గుత్తి, కల్లూరు, తాడిపత్రి కుర్రకారంతా నా మిద్దె మెట్ల మీదే. ఆ నీళ్లలో నేను ఎంతమందిని ముంచబోతున్నానో. తిప్పేష్ వచ్చి శ్రీకాంత్ లేచిన కుర్చీలో కూర్చున్నాడు. ఆడటానికి ఆ కుర్చీలో అతను కూర్చోవడం అదే మొదటిసారి అనుకున్నాం. అతను ఆట వైపు చూడనే లేదు. సాఫ్ట్‌వేరు తెరిచి బొత్తాన్ని పట్టుకున్నాడు.

ఏం చేస్తున్నావురా అని నేను అరిచాను. శ్రీకాంత్ కూడా, గెలిచినావు కదప్పా, ఇంక దాన్ని ఇడిచిపెట్టు, కాలిపోతే ఏం మిగులుతాది అన్నాడు.

"నాది కాదు కాబట్టే ఇంత సేపు భయపడినా," అన్నాడు తిప్పేష్. "ఇప్పుడు నాదే గదా."

బొత్తాన్ని జరిపాడు. నీళ్లు ఇంకా వేగంగా పారాయి. జరిపాడు. ఇంకా జరిపాడు. ఏరు ఒక్కసారి ఊదారంగు గళ్లు గళ్లుగా విరిగి, గడ్డకట్టి, తెర నల్లబడింది. గంగక్క, అయ్యో నా నూనె చాల్లేదా అంది. తిప్పేష్ చేతిని మోచేతి దాకా గంగాళంలో ముంచి కార్డును తడిమాడు. చల్లగానే ఉంది.

స్విచ్ తీసి మళ్లీ వేశాడు. బొమ్మ వచ్చింది. కార్డు బతికే ఉంది. మేమంతా ఊపిరి పీల్చుకుంటే, తిప్పేష్ మాత్రం ఊపిరి బిగబట్టాడు. నూనె చల్లగా ఉన్నా ఆగిందంటే దీన్ని ఆపింది ఎండ కాదు అన్నాడు, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. అందరూ మోటర్లు వేసిన వేళ ఓల్టేజీ చాలక కొత్త మోటరు కూడా మూలుగుతుంది చూడు, ఇది కూడా అంతే, దీని లోపల ఎక్కడో దీనికి కరెంటు కొలిచి పోసేవాడు ఒకడున్నాడు, వాడు గట్టి పిసినారి అన్నాడు. ఈ మాట అంటూనే కంప్యూటరు ఆపేశాడు.

నేను వద్దు వద్దు అంటూనే ఉన్నాను. ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్క ఆట ఆడుకోనీ, తర్వాత నీ ఇష్టం అని బతిమాలాను. నా బతుకులో నేను బతిమాలింది ఆ ఒక్కసారే. తిప్పేష్ కార్డును నూనెలోంచి ఎత్తి, గంగాళం అంచు మీద కారనిచ్చి, గుడ్డ పరిచిన బల్ల మీద బోర్లా పెట్టాడు. దాని మీది రేకు మూతకున్న మరలను ఒక్కొక్కటిగా తిప్పసాగాడు. జనం కాసేపు చూసి, ఇక నీళ్లు రావని తెలుసుకుని, ఒకరి వెనక ఒకరు ఇళ్లకు పోయారు.

బయట జీపు హారను మోగింది. శ్రీకాంత్ ఆటగాళ్లు పొద్దు పోతోందని తొందర పెడుతున్నారు. ఆయన గుమ్మం దాకా పోయి, ఒక కాలు బయట పెట్టి, వెనక్కి తిరిగి చూశాడు. తిప్పేష్ మూత పైకి లేపాడు. లోపల ఇన్నాళ్లూ ఎవరూ చూడని చిన్న చిన్న నల్లటి గింజలు, వెండి చుక్కలు, పిచ్చుక గోళ్లంత రేకులు నూనె తడితో మెరుస్తున్నాయి. శ్రీకాంత్ ఆ కాలు లోపలికి తీసుకున్నాడు.

మీరు పోండప్పా, నేను బస్సుకొస్తా అని బయటికి కేకేసి, వచ్చి బల్ల ముందు గొంతుకూర్చున్నాడు.

"ఆ కరెంటు పోసేవాడు యాడుంటాడు తిప్పేషా?"

"వెతకల్లన్నా. ఈ మరలు పట్టుకో."

లోపలి మరలు ఒక్కొక్కటే ఊడినప్పుడల్లా, పడిపోకుండా, శ్రీకాంత్ జిడ్డు అరచేతిని తిప్పేష్ ముందు చాపుతూ పోయాడు.